స్కూల్ బోర్డుకి నిలబడుతున్న మేనకోడలికి

సుమతీ,

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్కూల్ బోర్డుకి పోటీ చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల మైకు ముందు నిలబడి బళ్లలోకి తుపాకులు రాకూడదని మాట్లాడబోతోందంటే కడుపు నిండిపోయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 2023 మే 6న మీకు దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో కాల్పులకి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. అప్పట్నుంచి నువ్వు బట్టలు కొనడానికి వెళ్తున్నానన్నా నాకు టెన్షనే.

అయినా వద్దనను. గడువులోగా నామినేషన్ వెయ్, ఖర్చుల లెక్క రాసుకో, ఓట్లడగడానికి ఒంటరిగా ఏ ఇంటికీ వెళ్లకు. ట్రస్టీ, అంటే బోర్డు సభ్యురాలి పనికి టెక్సస్‌లో జీతం ఉండదు, మాటలు మాత్రం పడాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నువ్వు పూర్తిగా చదవాల్సింది రిచ్‌నెక్ సంగతి. వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్లో ఆ ఎలిమెంటరీ స్కూల్. 2023 జనవరి 6న ఒకటో తరగతి చదివే ఆరేళ్ల పిల్లవాడు వాళ్లమ్మ తుపాకీ తెచ్చి క్లాసులోనే టీచర్‌ని కాల్చాడు. బుల్లెట్ ఆమె చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగింది. ఇది ఎవరికీ తెలియకుండా జరిగింది కాదమ్మా. వాడి బ్యాగులో తుపాకీ ఉందని తోటి పిల్లలు ఇంకో టీచర్‌కి చెప్పారు. ఆమె బ్యాగు వెతికింది, దొరకలేదు, ఆఫీసులో చెప్పింది. ఆటవిడుపులో తుపాకీ తనకి చూపించాడని ఇంకో పిల్లవాడు చెప్పాడు. ఒళ్లంతా వెతుకుతానని ఒక ఉద్యోగి అడిగితే, వాళ్లమ్మ వచ్చే వేళయింది, ఆగమన్నారని గాయపడ్డ టీచర్ వేసిన దావాలో ఉంది. 2025 నవంబర్‌లో అసిస్టెంట్ ప్రిన్సిపల్ ఘోరమైన నిర్లక్ష్యం చూపారని జ్యూరీ తేల్చి, గాయపడ్డ ఆ టీచర్‌కి కోటి డాలర్లు ఇవ్వాలంది.

ఒకటో తరగతి పిల్లల మధ్య నేను ఏళ్ల తరబడి పనిచేశాను. వాళ్లు ఏదీ దాచుకోలేరు. స్వెట్టర్ అంచు పట్టుకుని లాగి, వంగమని, చెవిలో చెబుతారు: ఎవరి పన్ను ఊడిందో, ఎవరు లంచ్‌బాక్సులో పురుగు తెచ్చారో. నువ్వూ అంతేగా, మీ అన్నయ్య మీద చాడీలు చెప్పడానికి వంటింట్లో నా కొంగు వదిలేదానివి కాదు! రిచ్‌నెక్‌లో కూడా పిల్లలు చెప్పారు. పెద్దవాళ్లు ఒకరి నుంచి ఒకరికి చేరవేసి, పైవాళ్లకి చెప్పేశాం కదా అనుకున్నారు. అందుకే కెమెరాలూ కొత్త తలుపులూ అని ఎవరైనా వస్తే ముందు ఇది అడుగు: పిల్లవాడు వచ్చి చెబితే వెతకాల్సిందెవరు, ఎన్ని నిమిషాల్లో, ఎక్కడ రాసిపెట్టారు? జవాబు వచ్చేదాకా ఆ ఫైలు మీద ఓటెయ్యకు.

బళ్లో కాల్పులకు దిగిన పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తుపాకీ కన్నవాళ్ల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో దొరికిందని అమెరికా ప్రభుత్వ సంస్థ సీక్రెట్ సర్వీస్ 2019లో చెప్పింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ కాల్పుల కేసులో కాల్చిన అబ్బాయి తల్లినీ తండ్రినీ 2024లో జైలుకి పంపారు. టెక్సస్‌లోనూ గుళ్లున్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి చిక్కనివ్వడం నేరమే, ఎంతమందికి తెలుసు? తాళం వేసి పెట్టుకోమని ప్రతి ఇంటికీ ఉత్తరం వెళ్లాలి, తెలుగులో కూడా. మనవాళ్ల ఇళ్లలోనూ తుపాకులున్నాయి, మొహమాటపడకు.

ఇక పిల్లల పేరు చెప్పుకుని నీ దగ్గరికి వచ్చే సంఘాలు. 2023లో టెక్సస్‌లో ప్రతి క్యాంపస్‌లో సాయుధ అధికారి ఉండాలని చట్టం చేశారు, అప్పట్లో క్యాంపస్‌కి ఏడాదికి ఇచ్చింది 15,000 డాలర్లు. ఒక మనిషి జీతానికి అది ఏ మూలకొచ్చింది? చప్పట్లు కొట్టినవాళ్లనూ, వద్దని గొడవ చేసినవాళ్లనూ ఒకటే అడుగు: ఆ తర్వాత ఏ క్యాంపస్‌కి వెళ్లి చూశారు, చందాలు దేనికి ఖర్చుపెట్టారు? నీకు మద్దతిస్తామన్నవాళ్లని ఇంకా గట్టిగా అడుగు. వాళ్లు చెప్పింది తేదీతో రాసుకో, ఏడాది తర్వాత వాళ్ల ముందే పెట్టు. నిన్నూ అలాగే అడుగుతారు, అడగనీ.

బోర్డు పాత మినిట్స్ మూడేళ్లవి ప్రింటు తీసి పంపు. ఎవరు దేనికి ఓటేశారో కూర్చుని పట్టిక రాసిస్తాను. మీటింగున్న రాత్రుళ్లు పిల్లల్ని నా దగ్గర వదిలెయ్. నువ్వు మాత్రం పార్కింగ్‌లోకి ఒంటరిగా రాకు, కారెక్కగానే ఫోన్ చెయ్.

మీ అత్తయ్య