తీతువు తిడితే వెనక్కి వచ్చెయ్

చిట్టీ,

కొత్త బైనాక్యులర్ కొనుక్కున్నావట, చిత్తడి నేలల్లో పిట్టల్ని చూడ్డానికి ఒక్కదానివే బయల్దేరుతున్నావట. అన్నయ్య ఫోన్‌లో చెబితే పైకి "వెళ్లనీ, పెద్దదయింది" అన్నాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. తెల్లారేసరికి అక్కడుండు. సూర్యుడు నీ వీపు వైపు ఉండాలి, లేకపోతే ప్రతి కొంగా నల్లబొమ్మలాగే కనిపిస్తుంది. నీళ్లు, టోపీ మర్చిపోకు. పది రెట్లు చూపించేది కొనలేదు కదా? చెయ్యి కాస్త వణికినా దాంట్లో లోకమంతా ఊగుతుంది. ఎనిమిది రెట్లు చూపించే 8×42 చాలు. ముందు మామూలు కంటితో పిట్టను చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్ ఎత్తు.

నువ్వు వెళ్లేది రామ్‌సర్ జాబితాలో ఉన్న చోటని మీ నాన్న గొప్పగా చెప్పాడు. చిత్తడి నేలల్ని కాపాడుకోవడానికి 1971లో ఇరాన్‌లో కుదిరిన ఒప్పందం కింద తయారైన జాబితా అది, మంచిదే. జాబితాలో ఉంటే మాత్రం గుడ్డుకు నీడ దొరుకుతుందా?

గుడ్డు మాట ఎందుకొచ్చిందంటే, నువ్వు వెళ్లేది ఎండలు ముదిరాక. నీళ్లు తగ్గి పిట్టలన్నీ మిగిలిన మడుగుల దగ్గరకు చేరతాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎండిన గట్టు ఖాళీ నేల కాదే. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే చిన్న గుంట చేసి, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలు. కాలి పక్కనే ఉన్నా కనబడవు.

నీ వయసులో నాకు కనబడ్డాయి. మీ నాన్న కూడా ఉన్నాడు, నీకు చెప్పి ఉండడులే. బాట దిగొద్దని బోర్డుంది. దిగాను. చేతిలో అరువు కెమెరా. తీతువు నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు. "వచ్చెయ్యవే, అది గోల పెడుతోంది" అని మీ నాన్న బాట మీంచి పిలుస్తూనే ఉన్నాడు. నాలుగు గుడ్లు. మధ్యాహ్నపు ఎండలో మోకాళ్ల మీద గంటసేపు కూర్చున్నాను. నా నీడ పడి ఫోటో పాడవుతోందని పక్కకు జరిగాను కూడా.

వాటికి కావలసింది ఆ నీడే. ఎండాకాలంలో తీతువు గుడ్ల మీద నిలబడేది వాటికి ఎండ తగలకుండా. నీళ్లలో దిగి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి వాటిని చల్లబరుస్తుంది. ఆ రోజు అది తడిసిన పొట్టతో రెండుసార్లు పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. ఆడుకుంటోంది అనుకున్నాను! తీతువు కూస్తే మనకు అపశకునమంటారు చూడు, దాని పాలిట అపశకునం నేనే.

రెండు రోజుల తర్వాత వెళ్తే గుడ్లు అక్కడే ఉన్నాయి. తీతువు లేదు. ఒకదానికి చీమలు పట్టాయి. ఫోటో మాత్రం బాగా వచ్చింది. బీరువాలో చీరల కింద ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా.

అందుకే చెబుతున్నా, పిట్ట తిడితే వెనక్కి వచ్చెయ్. మేస్తున్న గుంపులో తలలన్నీ ఒక్కసారి లేచాయంటే నువ్వు మరీ దగ్గరకు వెళ్లావని అర్థం, అక్కడే ఆగిపో. ఫోన్‌లో కూతలు పెట్టి పిలవకు. గూడు కనబడితే ఎక్కడో ఎవరికీ చెప్పకు, గ్రూపుల్లో అసలు పెట్టకు.

పిట్టల కోసమే చెబుతున్నానని కూడా అనుకోకు. ఎండిన బురద పైకి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. లాగడానికి మీ నాన్న ఉండడు అక్కడ.

కోప్పడ్డాననుకోకే. నీలాంటి బైనాక్యులర్ నాకు ఆ రోజుల్లో ఉంటే అంత దగ్గరకు వెళ్లే అవసరమే ఉండేది కాదేమో. చీకటి పడకముందే ఫోన్ చెయ్యి. ఏ పిట్టలు కనబడ్డాయో తర్వాత, ముందు బాట మీదున్నానని చెప్పు.

నీ అత్త