‘ఎక్స్‌పాండ్’ అన్నా ‘ఇంక్రీజ్’ అన్నా పెరగడమే కదా, తేడా ఏమిటి?

రెండింటికీ పెరగడమే అని అర్థం చెప్పుకుంటే వాడేటప్పుడు తికమక తప్పదు. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలందరికీ మొదటి నెలలోనే ఈ సందేహం వస్తుంది. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతాను: ముందు ఏది పెరుగుతోందో చూడండి.

ఉన్న వస్తువే విచ్చుకుని ఎక్కువ చోటు ఆక్రమిస్తే అది ఎక్స్‌పాండ్. మన సైన్సు పుస్తకాల్లో వ్యాకోచం అని చదువుకున్నది ఇదే. చిన్నప్పుడు మా ఊళ్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేస్తుంటే దగ్గర నిలబడి చూసేవాణ్ణి. పట్టా చుట్టుకొలత చక్రం కన్నా కొంచెం తక్కువే ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు ఎంత కొట్టినా ఎక్కదు. దాన్ని నేల మీద పెట్టి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. ఇద్దరు ముగ్గురు పటకార్లతో ఎత్తి తెచ్చి వేస్తే ఇట్టే దిగేది. వెంటనే నీళ్లు పోస్తే బుస్సుమని ఆవిరి లేచి, పట్టా బిగుసుకుని, చెక్క కిర్రుమనేది. కాలినప్పుడు ఎక్స్‌పాండ్, చల్లారినప్పుడు కాంట్రాక్ట్. కొత్తగా ఇనుమేమీ కలవలేదు, బరువూ మారలేదు. రైలు పట్టాలదీ ఇదే కథ. 13 మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4.7 మిల్లీమీటర్లు సాగుతుంది. పాత లైన్లలో పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలింది అందుకే.

ఇక వాక్యంలో పెట్టేటప్పుడు వచ్చే చిక్కు. తనంతట తాను జరిగితే పెరగడం, మనం చేస్తే పెంచడం అని తెలుగులో వేరువేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెండు పనులకీ ఎక్స్‌పాండ్ ఒక్కటే. ‘ఐరన్ ఎక్స్‌పాండ్స్’ అన్నా సరే, ‘హీట్ ఎక్స్‌పాండ్స్ ఐరన్’ అన్నా సరే. ఇనుము వ్యాకోచిస్తుంది అనడానికి పిల్లలు ‘ఐరన్ ఈజ్ ఎక్స్‌పాండెడ్’ అని రాస్తుంటారు. అక్కడ ఆ ‘ఈజ్’ అక్కర్లేదు. వ్యాపారం విషయంలోనూ అంతే: ‘ద బిజినెస్ ఎక్స్‌పాండెడ్’ అంటే వ్యాపారం విస్తరించింది, ‘దే ఎక్స్‌పాండెడ్ ద బిజినెస్’ అంటే వాళ్లు విస్తరింపజేశారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జీతం, ధర, సంఖ్య లాంటివి పెరిగితే ఇంక్రీజ్. ఫీజు కట్టే గడువు పెంచితే ఎక్స్‌టెండ్. ఫొటో పెద్దది చేయిస్తే ఎన్‌లార్జ్. దెబ్బ తగిలి కాలు వాస్తే స్వెల్. ‘విస్తరణ’ అని కనబడిన ప్రతిచోటా ఎక్స్‌పాన్షన్ పెట్టకండి. మంత్రివర్గ విస్తరణకు క్యాబినెట్ ఎక్స్‌పాన్షన్ సరిపోతుంది కానీ, రోడ్డు విస్తరణను ఇంగ్లీషులో రోడ్ వైడెనింగ్ అంటారు.

లెక్కల్లో ‘ఎక్స్‌పాండ్’ అని అడిగితే బ్రాకెట్లు విప్పి పూర్తిగా రాయమని. పొట్టి అక్షరాలిచ్చి అడిగితే పూర్తి పేరు రాయమని: ఏటీఎంకి ఆటోమేటెడ్ టెల్లర్ మెషిన్ అన్నట్టు. ఇంటర్వ్యూలో ‘కెన్ యూ ఎక్స్‌పాండ్ ఆన్ దట్?’ అని అడుగుతారు చూడండి, మా పిల్లలు ఎక్కువ టెన్షన్ పడేది అక్కడే. అంటే మీ జవాబు తప్పని కాదు, ఇంకాస్త వివరంగా చెప్పమని. జవాబు మార్చకుండా, చెప్పినదానికే మీ ప్రాజెక్టులోంచి ఒక ఉదాహరణ జోడించండి.