చర్మానికీ పేగుకీ ఏమిటి చుట్టరికం?

ప్రశ్న: మా ఆయనకు తలలో, మోచేతుల మీద చాలాకాలంగా సోరియాసిస్ ఉంది డాక్టర్‌గారూ. తిరుమలలో తలనీలాలిచ్చాక కత్తి గీసుకున్నచోట కొత్త మచ్చలు లేచాయి. ఇప్పుడు కడుపునొప్పి, విరేచనాలు. కొలొనోస్కోపీ చేసి క్రోన్స్ (పేగులో వాపు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. మా అత్తగారు నాగదోషం, శ్రీకాళహస్తిలో పూజ చేయించమంటున్నారు. రెండు జబ్బులకూ సంబంధం ఉందా? పాపకూ వస్తుందా? చర్మం డాక్టరు ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: సంబంధం ఉందమ్మా. పూజ మీ ఇష్టం, మందులు మాత్రం ఆపొద్దు. గీసుకున్నచోట మచ్చ లేవడం సోరియాసిస్ నైజమే. కల్యాణకట్టలో ఏదో అంటుకుందని భయపడకండి, అది అంటుజబ్బు కాదు. ఈసారి మొక్కుంటే మూడు కత్తెరలిచ్చినా స్వామి కాదనడు.

మన ఒంట్లో రోగనిరోధక కణాలను ఉసిగొల్పే రసాయనం ఒకటుంది, ఇంటర్‌ల్యూకిన్-23 (పొట్టిగా ఐఎల్-23). దాని సంకేతాన్ని అందుకునే ఐఎల్23ఆర్ అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవాళ్లకు క్రోన్స్ వచ్చే అవకాశం తక్కువని 2006లో తేలింది. మరుసటి ఏడే సోరియాసిస్‌లోనూ ఆ జన్యువే బయటపడింది. ఐఎల్12బి, టైక్2 లాంటి జన్యువులు కూడా రెండింటిలోనూ కనిపిస్తాయి. ఒకే బోరు నీళ్లు రెండు మళ్లకు పారుతున్నాయనుకోండి. అలాగని రెండూ ఒకే జబ్బు కాదు. సోరియాసిస్‌లో ముఖ్యమైన హెచ్‌ఎల్‌ఎ-సి జన్యురకం వేరు, తెల్లవాళ్లలో క్రోన్స్‌కు దారితీసే నాడ్2 మార్పులు వేరు. ఆ నాడ్2 మార్పులు మనవాళ్లలో చాలా అరుదు.

అసలు సంగతి మీరు చివర్లో అన్న ఇంజెక్షన్. దాని పేరేమిటో రాయలేదు. ఉస్టెకినుమాబ్ అయితే ఐఎల్-23నీ, దాని చుట్టమైన ఐఎల్-12నీ రెండింటినీ అడ్డుకుంటుంది. అమెరికాలో దానికి 2009లో సోరియాసిస్‌కు, 2016లో క్రోన్స్‌కు అనుమతి వచ్చింది. అడాలిముమాబ్ దారి వేరైనా రెండింటికీ పనికొస్తుంది. సెకుకినుమాబ్ అయితే మాత్రం ఆగండి. చర్మానికి భలే మందే, నేనూ రాస్తుంటాను. కానీ అది అడ్డుకునే ఐఎల్-17 అనే మరో రసాయనం పేగు లోపలి పొరకు కాపలా కూడా. క్రోన్స్ రోగుల మీద చేసి 2012లో వెలువరించిన ప్రయోగంలో ఆ మందు మేలు చేయకపోగా ఇబ్బందులు పెంచింది. ఎటానెర్సెప్ట్ కూడా చర్మానికి పనిచేస్తుంది, క్రోన్స్‌కు చేయదు. అందుకే కొలొనోస్కోపీ రిపోర్టు చర్మం డాక్టరు బల్ల మీద పెట్టాకే సూది వేయించుకోండి. మా చర్మం డాక్టర్లం మోచేతులు చూస్తాం గానీ విరేచనాల సంగతి అడగడం తక్కువే, మీరే చెప్పాలి.

ఇంకొకటి. పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనబడుతుంది. ఈ ఇంజెక్షన్లేమో దాగున్న టీబీని రేపగలవు. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేయకుండా మొదలుపెట్టనివ్వకండి. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటే పేగు మళ్లీ రాజుకోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే సోరియాసిస్ ఒళ్లంతా విజృంభించవచ్చు.

పాప సంగతి: అవకాశం మామూలు పిల్లలకంటే కాస్త ఎక్కువ, అయినా ఇలాంటి ఇళ్లలోనూ ఎక్కువమంది పిల్లలకు రాదు. జన్యు పరీక్ష చేయిస్తామని ఎవరైనా ల్యాబు వాళ్లు వస్తే పంపేయండి, దాంతో వస్తుందో రాదో తేలదు. ఆ డబ్బుతో మీ ఆయనకు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ చేయించండి. మల పరీక్షే, పేగులో వాపు ఎంతుందో చెబుతుంది.