రెండవ హెన్రీకి, థామస్ బెకెట్‌కి అసలు గొడవ దేనికి?

అంత దగ్గరి స్నేహితులైన ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ, థామస్ బెకెట్ ఎందుకు శత్రువులయ్యారని అడిగారు కదా. నేరం చేసిన మతాధికారిని శిక్షించే హక్కు ఎవరిది అన్న దగ్గరే గొడవ ముదిరింది.

1162లో హెన్రీ తన ఛాన్సలర్ (మంత్రి లాంటి పెద్ద అధికారి) బెకెట్‌నే కాంటర్బరీ ఆర్చిబిషప్‌ని, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్దని చేశాడు, మనవాడే కాబట్టి చర్చి కూడా చెప్పుచేతల్లో ఉంటుందనుకున్నాడు. జరిగింది పూర్తిగా వేరు. అప్పట్లో చర్చి కొలువులో ఉన్నవాడు హత్య చేసినా విచారణ చర్చి కోర్టులోనే, అక్కడ మరణశిక్ష ఉండదు, చాలాసార్లు పదవి ఊడటంతోనే సరి. దోషి అని తేలాక వాణ్ణి రాజు కోర్టుకు అప్పగించాలని 1164లో క్లారెండన్ అనే చోట పెట్టిన 16 నిబంధనల్లో హెన్రీ పట్టుబట్టాడు. ఒకే తప్పుకు రెండు శిక్షలా అన్నది బెకెట్ వాదన. ఈ ఒక్క విషయంలో హెన్రీ అడిగింది న్యాయమే అని నా అభిప్రాయం, చనిపోయినవాడి ఇంట్లోవాళ్లకు హంతకుడు ఏ కొలువులో ఉంటే ఏంటి? కానీ ఆ 16 నిబంధనల్లోనే, రాజు ఒప్పుకోకుండా పోప్ దాకా అప్పీలు వెళ్లకూడదని కూడా ఉంది, అక్కడ బెకెట్ భయం అర్థమవుతుంది.

బెకెట్ ఫ్రాన్స్‌కు పారిపోయి ఆరేళ్లు ఉన్నాడు. 1170 డిసెంబర్‌లో తిరిగొచ్చాడు. హెన్రీ కోపంగా అన్న మాటలు విని నలుగురు నైట్లు (రాజు యోధులు) ఆ నెల 29న కాంటర్బరీ కెథడ్రల్‌లోనే అతన్ని నరికేశారు. 1173లో పోప్ అతన్ని సెయింట్‌గా ప్రకటించాడు, మరుసటి ఏడాది హెన్రీ చెప్పుల్లేకుండా ఆ సమాధి దగ్గరికి నడిచి వెళ్లి, సన్యాసుల చేత దెబ్బలు తిన్నాడు. మతాధికారుల విచారణ మాత్రం చాలావరకు చర్చి చేతిలోనే ఉండిపోయింది.