టైఫూన్ దాటిన మర్నాడే అసలు తిప్పలు

ప్రశ్న: కిందటి సెప్టెంబరులో మా అక్కావాళ్లు జపాన్ వెళ్లారు. టైఫూన్ దాటిపోయి ఎండ కాస్తున్నా రైళ్లు లేవు, విమానం మూడో రోజుకు గానీ దొరకలేదు. అక్టోబరులో ఇద్దరు పిల్లలు, మా అత్తగారితో కలిసి ఐదుగురం వెళ్తున్నాం. ముందే ఏం చూసుకోవాలి?

జవాబు: గాలి ఆగినంత మాత్రాన దారి తెరుచుకోదండీ. అక్కడి రైల్వేలు టైఫూన్ రాకముందే ప్రకటించి మరీ రైళ్లు ఆపేస్తాయి. దాటాక చెట్లు పడ్డాయా, గట్లు జారాయా, కరెంటు తీగలు తెగాయా అని లైనంతా చూసుకున్నాకే మళ్లీ వదులుతాయి. 2019 సెప్టెంబరు 9న ఫాక్సాయ్ అనే టైఫూన్ తెల్లవారుజామునే తీరం దాటింది. టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయంలో విమానాలు దిగుతూనే ఉన్నాయి గానీ అక్కడినుంచి ఊళ్లోకి వెళ్లే దారే లేదు. ఆ రాత్రి 13 వేల మందికి పైగా విమానాశ్రయంలోనే ఉండిపోయారు. అందుకే తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రికే విమానాశ్రయం ఉన్న ఊరు చేరేలా చూసుకోండి.

ఇక విమానాలది సీట్ల లెక్క. 200 సీట్లలో రోజూ 180 నిండుతుంటే మిగిలేవి 20. రద్దయిన ఒక్క విమానంలోని వాళ్లను సర్దాలంటే అలాంటివి తొమ్మిది కావాలి. ఐదుగురూ ఒకే బుకింగులో ఉంటే ఐదు ఖాళీలు ఒక్కచోటే దొరకాలి. దొరక్కపోతే మూడు, రెండుగా విడగొట్టమని కౌంటర్లో అడగండి. అత్తగారు, ఒక బిడ్డ మీతో. ఇంకో బిడ్డ వాళ్ల నాన్నతో. అయితే సీట్లు కళ్లకు కనిపించాకే విడగొట్టించండి, తర్వాత మళ్లీ కలపడం కష్టం.

కంగారుపడి మీరే టికెట్ రద్దు చేసుకోవద్దు. విమానం రద్దనో, ఉచితంగా తేదీ మార్చుకోవచ్చనో సంస్థ ప్రకటించకముందు మీరు చేసుకుంటే మామూలు కోతలే పడతాయి. మధ్యలో విమానం మారేటట్టయితే రెండూ ఒకే టికెట్‌గా కొనండి. విడివిడిగా కొంటే మొదటిది ఆగినప్పుడు రెండో సంస్థ మిమ్మల్ని రాని ప్రయాణికుల కింద రాసేస్తుంది.

ప్రశ్న: రైళ్లు ఆగితే జేఆర్ పాస్ (కొన్ని రోజులపాటు జపాన్ జేఆర్ రైళ్లలో ఎన్నిసార్లయినా తిరగనిచ్చే టికెట్) డబ్బు తిరిగిస్తారా?

జవాబు: వాడకం మొదలయ్యాక ఇవ్వరు, గడువూ పొడిగించరు. విడి టికెట్లకైతే రైలు రద్దయితే మొత్తం వస్తుంది. రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే, వేగంగా వెళ్లే రైలుకని అదనంగా కట్టిన ఎక్స్‌ప్రెస్ చార్జీ వస్తుంది. టైఫూన్ల కాలంలో ఒకటి రెండు దూర ప్రయాణాలే ఉంటే విడి టికెట్లే మేలని మా మాట.

ప్రశ్న: టైఫూన్ వస్తోందని తెలిశాక బీమా తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు గానీ ఆ టైఫూన్ నష్టం సాధారణంగా అందులోకి రాదు. టికెట్లు కొన్న రోజే తీసుకోండి. ఎన్ని గంటల ఆలస్యానికి చెల్లిస్తారో పాలసీలో చదవండి. రద్దు ధ్రువపత్రం అడిగి తీసుకోండి, హోటలు, భోజనం బిల్లులు దాచండి. అత్తగారి మాత్రలు ఐదు రోజులకు అదనంగా, మందుల చీటీతో సహా చేతిసంచిలో పెట్టండి. జపాన్‌లో ఉండటానికిచ్చిన గడువు ముగిసిపోయేలా ఉంటే ఆ తేదీకి ముందే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి.

ప్రశ్న: వాతావరణ పటంలో వలయం రోజురోజుకూ పెద్దదవుతోంది. తుపాను పెరుగుతున్నట్టేనా?

జవాబు: కాదు. జపాన్ వాతావరణ సంస్థ గీసే ఆ వలయం తుపాను సైజు కాదు. దాని కేంద్రం ఆ సమయానికి వలయంలో ఉండే అవకాశం 70 శాతం అని అర్థం. అక్కడి వార్తల్లో పేరుకన్నా నంబరే ఎక్కువ వినిపిస్తుంది. 2019లో హగిబిస్ టైఫూన్‌ది 19వ నంబరు. మీ టైఫూన్ నంబరు రాసి పెట్టుకోండి, స్టేషన్ బోర్డుల మీద అదే ఉంటుంది.