స్కీ బూట్లలో ముందెముక నొప్పి: బకిల్ వదులు చేసే ముందు ఇది చదవండి

ప్రతి శీతాకాలం, మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లొచ్చిన కొత్తవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, ఎక్కడా పడలేదు, దేనికీ తగల్లేదు, కానీ మోకాలి కింద ముందెముక మీద చెయ్యి వేస్తే చాలు ప్రాణం పోతోంది, బూట్లు మరీ బిగుతుగా ఉన్నాయంటారా?" అని. చాలాసార్లు సంగతి అందుకు సరిగ్గా వ్యతిరేకం. బూటు వదులుగా ఉండబట్టే ఆ నొప్పి.

కాలి ముందెముక మీద కండ ఉండదు, చర్మం కిందే ఎముక. స్కీయింగ్‌లో మలుపు తిరగాలంటే ఆ ఎముకని బూటు ముందు నాలుకకి, అంటే టంగ్‌కి, ఆనించి బరువు ముందుకు వెయ్యాలి. ఖాళీ లేకుండా ఆనితే ఒత్తిడి కాలి పొడవునా పరుచుకుంటుంది, ఏమీ కాదు. మధ్యలో వేలెడు సందు ఉంటే మాత్రం ప్రతి గతుకుకీ, ప్రతి మలుపుకీ ఎముక వెళ్లి టంగ్‌కి కొట్టుకుంటుంది, రోజంతా అలా ఒకే చోట దెబ్బ మీద దెబ్బ. దీనికి తోడు కొత్తలో భయంతో అందరం వెనక్కి వాలతాం కదా, వెనక్కి వాలి ఒక్కసారిగా ముందుకు వచ్చినప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది.

నాకూ ఇలాగే అయింది. మొదటిసారి అద్దె కౌంటర్లో నా మామూలు షూ నంబరు చెప్పాను, వాళ్లు ఇచ్చిన జత వేసుకుంటే చాలా హాయిగా ఉంది, వేళ్లు ఆడుతున్నాయి, ఇదే సరైన సైజు అనుకున్నాను. మధ్యాహ్నానికి నొప్పి మొదలైంది. పై బకిల్ ఒక గీత వదులు చేశాను, అరగంట తర్వాత ఇంకో గీత. సాయంత్రం సాక్సు దించి చూసుకుంటే అరచేయంత మేర ఎర్రగా కమిలిపోయి ఉంది, తర్వాత రెండు రోజులు మెట్లు దిగడం నరకం. నొప్పి పుట్టిందని వదులు చేశాను, వదులు చేయబట్టే నొప్పి పెరిగింది, ఆ ముక్క ఆ రోజు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు సైజు. స్కీ బూట్ల సైజుని మాండోపాయింట్ అంటారు, అది పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడి, పొడవైన వేలి దగ్గర గీత పెట్టి కొలవండి, 26.5 వస్తే మీ సైజు 26.5. రెండు పాదాలూ కొలవండి, చాలామందికి తేడా ఉంటుంది. మామూలు షూ నంబరు నుంచి లెక్క కట్టొద్దు, సాధారణంగా పెద్దదే వస్తుంది. ఇంకో సంగతి, 26.0, 26.5 రెండిటికీ చాలా కంపెనీల్లో బయటి ప్లాస్టిక్ డొప్ప, అంటే షెల్, ఒకటే. కాబట్టి 26.0 బిగుతుగా ఉందని 26.5 తీసుకుంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అసలు పరీక్ష వేరే ఉంది. లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకి తగిలీ తగలనట్టు ఉంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లుంటే కొత్తవాళ్లకి బాగుంటుంది. మూడు వేళ్లు పక్కపక్కనే దూరిపోతే ఆ బూటు మీది కాదు, ఎన్ని బకిల్స్ బిగించినా కాదు. లైనర్ పెట్టి వేసుకున్నాక నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకి తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. నిలబడ్డప్పుడు తగులుతున్నాయని వద్దనేస్తారు చాలామంది, అది తప్పు.

తర్వాత బూటు లోపల ఏముందో చూడాలి, నన్ను ఎవరడిగినా ముందు ఇదే చూస్తాను. మోకాలి దాకా వచ్చే పల్చటి సాక్సు ఒక్క జత, ఇంకేమీ ఉండకూడదు. చలికి రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి, పైగా మడతలు పడతాయి. థర్మల్ ప్యాంటు అంచుని బూటులోకి దోపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఒక తమ్ముడు నొప్పి అని కూర్చుంటే బూటు విప్పించి చూశాను, ఆ ప్యాంటు అంచు కుట్టు దారంతో సహా ఎముక మీద అచ్చు గుద్దినట్టు దిగబడి ఉంది. అంచుని బూటు పైకి మడిచి మళ్లీ వేసుకున్నాక సాయంత్రం దాకా ఆడాడు.

ఇక బిగించే పద్ధతి, తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. బకిల్స్ అన్నీ విప్పి, టంగ్‌ని పైకి లాగి ఎముకకి సరిగ్గా నడి మధ్యన ఉండేలా చూసుకుని, పాదం దూర్చి, మడమని నేలకి రెండు మూడు సార్లు కొట్టండి, మడమ వెనక గుంటలో కూర్చోవాలి. మోకాలు ముందుకు వంచి అలాగే ఉంచి, మీగాలు మీదుగా చీలమండ వంపు దగ్గరుండే బకిల్ ముందు పెట్టండి, మడమని పట్టి ఉంచేది అదే. తర్వాత పైన పిక్క దగ్గరవి, ఆపైన పవర్ స్ట్రాప్, అంటే బూటు పై అంచున చుట్టూ ఉండే పట్టీ. ఆ స్ట్రాప్‌ని ఏదో అలంకారంలా వేలాడదీయకండి, గట్టిగా లాగి అంటించండి, టంగ్‌కీ ఎముకకీ మధ్య సందు మూసేది అదే. వేళ్ల దగ్గరి బకిల్స్ ఊరికే మూసుకుంటే చాలు. ఒకటి రెండు రన్‌లు, అంటే వాలు పైనుంచి కిందికి ఒకటి రెండు సార్లు దిగడం, అయ్యాక లైనర్ కాస్త అణుగుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి సర్దాలి. పాదం తిమ్మిరెక్కితే మీగాలు బకిల్ ఎక్కువైందని అర్థం, దాన్ని మాత్రం వదులు చేయండి, పైవాటిని ముట్టుకోవద్దు. ఒక గీత ఎక్కువ, ఒక గీత తక్కువ అనిపిస్తే, చాలా బకిల్స్‌లో తీగ కొక్కేన్ని స్క్రూలా తిప్పి పొడవు కొంచెం కొంచెంగా మార్చుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

కాలి తీరుని బట్టి ఇంకొన్ని ఉన్నాయి. పిక్కలు సన్నగా ఉండి, ఆఖరి గీతకి పెట్టినా పైభాగం వదులుగానే ఉంటే, పిక్క వెనక స్పాయిలర్ అని ఒక ముక్క పెట్టించుకోండి, సందు నిండుతుంది. పిక్క లావైతే ఉన్న స్పాయిలర్ తీసేయాలి, బకిల్ పళ్ల పట్టీని స్క్రూ విప్పి జరపొచ్చు కూడా. లైనర్ కింద కొన్ని మిల్లీమీటర్ల మడమ ఎత్తు ముక్క వేస్తే పిక్క కొంచెం పైకి లేచి సర్దుకుంటుంది, కాకపోతే మీగాలు దగ్గర బిగుతవుతుంది, అది చూసుకోవాలి.

ఫ్లెక్స్ నంబరు, అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ పోలదు, దాని కోసం పెద్దగా టెన్షన్ పడకండి. మరీ గట్టి బూటైతే చీలమండ వంగక వెనక్కి వాలిపోతాం, నొప్పి మళ్లీ మొదటికొస్తుంది, అంతవరకు గుర్తుంటే చాలు.

సొంతంగా కొనుక్కునేవాళ్లు బూట్ ఫిట్టర్ దగ్గరికే వెళ్లండి. లైనర్‌ని వేడి చేసి పాదానికి తగ్గట్టు మలుస్తారు, నొక్కే చోట షెల్‌ని వేడి చేసి బయటికి ఉబ్బిస్తారు. వాడేసిన బూట్లు చవగ్గా వస్తున్నాయని తీసుకుంటే లైనర్ ముందే అణిగిపోయి ఉంటుంది, అంటే వదులుని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే. బూటు మారిస్తే దాని అడుగుభాగం పొడవు మారొచ్చు, అది మిల్లీమీటర్లలో బూటు మీదే రాసి ఉంటుంది, కాబట్టి బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని టెక్నీషియన్ చేత తప్పకుండా సరిచూపించుకోవాలి. పడ్డప్పుడు స్కీ సమయానికి ఊడిపోవడం మీదే మీ మోకాలి క్షేమం ఆధారపడి ఉంది, దయచేసి మీరే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

ఇప్పటికే కమిలి ఉంటే ఆ రోజుకి ఆపేయండి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. జెల్ ప్యాడ్‌తో రోజు గడుస్తుంది కానీ కారణం పోదు. ఎముక మీద ఒక్క చోటే వేలు పెడితే గుచ్చినట్టుంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, డాక్టరుకి చూపించండి. కాలు బిర్రబిగుసుకుపోయి, నొప్పి అంతకంతకూ పెరుగుతూ, పాదం మొద్దుబారితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అద్దె బూట్లయితే మార్చమని అడగడానికి మొహమాటం వద్దు. మనవాళ్లు అరగంట క్యూలో నిలబడి తెచ్చుకున్నాం కదా, మళ్లీ ఏం వెళ్తాంలే అని రోజంతా ఓర్చుకుంటారు. కౌంటర్లో వాళ్లకి ఇది రోజూ ఉండే పనే. సైజు తగ్గించి ఇంకో జత ఇమ్మనండి, అది కుదరకపోతే మూడోది, ప్రతిసారీ లైనర్ తీయించి మడమ వెనక ఖాళీ వేళ్లతో చూసుకున్నాకే బయటికి రండి.