అమ్మ గడప దాటడం లేదా? ముందు చెవులు చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 73 ఏళ్లు. నాన్నగారు పోయి రెండేళ్లయింది. తెనాలిలో సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. నేను బెంగళూరులో, చెల్లెలు అమెరికాలో ఉంటున్నాం. అమ్మ ఇదివరకు రోజూ సాయంత్రం గుడికి వెళ్లేది. పేరంటానికి పిలవకపోతే నొచ్చుకునేది. కొన్ని నెలలుగా ఇల్లు కదలడం లేదు. టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చుంటోంది. ఫోన్ చేస్తే ‘నాకేం, బాగానే ఉన్నాను’ అని రెండు నిమిషాల్లో పెట్టేస్తోంది. బీపీ, షుగర్‌లకు మందులు వాడుతోంది. బెంగళూరు రమ్మంటే రానంటోంది. ఇంట్లో కెమెరాలు పెట్టించాలా? తోడుగా ఎవరినైనా ఉంచాలా? ఈ ఒంటరితనానికి మందులున్నాయా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: టీవీ పెద్దగా పెట్టుకుంటున్నారని, ఫోన్ వెంటనే పెట్టేస్తున్నారని రాశారు. ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను ముందు చెవులను అనుమానిస్తాను. మనసు సంగతి ఆ తర్వాత చూద్దాం.

వయసుతో వచ్చే వినికిడి లోపం మెల్లగా మొదలవుతుంది. స, ష, త లాంటి సన్నని శబ్దాలు ముందు పోతాయి. ఎదుటివారి గొంతు వినిపిస్తూనే ఉంటుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. పేరంటంలో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే మరీ కష్టం. ‘ఏమిటీ?’ అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగలేక నవ్వి ఊరుకుంటారు. ఎప్పుడో ఒకసారి పొంతన లేని జవాబు చెబుతారు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. మరుసటి పిలుపుకు ‘ఒంట్లో బాగాలేదు’ అంటారు. బయటివాళ్లకు ఇది చాదస్తంగానో బెంగగానో కనిపిస్తుంది. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి తీయడంతోనే సరిపోతుంది. చెవి మిషను అవసరమైతే అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. చాలా ఇళ్లలో అది మొదటి వారమే బీరువాలోకి చేరుతుంది. గోలగా ఉందంటే తీసి పెట్టేయకుండా మళ్లీ తీసుకెళ్లి సరిచేయించాలి. ఈలోగా మామూలు ఫోన్ బదులు వీడియో కాల్ చేయండి. పెదవుల కదలిక కనిపిస్తే సగం మాట అందుతుంది.

రెండో కారణం కొడుకుతో చెప్పుకోరు కాబట్టి మీ చెల్లెలిని అడగమనండి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడటం, బాత్‌రూమ్‌కు చేరేలోపే వచ్చేయడం ఈ వయసు ఆడవారిలో చాలా ఎక్కువ. షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. బీపీ మందుల్లో నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) కూడా ఉంటే, అది వేసుకున్న కొన్ని గంటలపాటు ఇల్లు వదలాలంటే భయమే. గుడిలో గంటసేపు కూర్చోవాలంటే దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి కదా! ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స, మూత్రాన్ని పట్టి ఉంచే కటి కండరాల వ్యాయామాలు, మాత్ర వేసుకునే వేళ మార్చడం వంటివాటితో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఆ వేళ మార్చేది మాత్రం డాక్టరే, మీరు కాదు.

మోకాళ్లు, కంటిశుక్లాలు సరేసరి. ఈమధ్య ఎప్పుడైనా పడ్డారేమో నెమ్మదిగా కనుక్కోండి. తెలిస్తే ఊరు మార్పించేస్తారేమోనని చాలామంది పడిన సంగతి దాచిపెడతారు.

ఇక మందుల విషయం. ఒంటరితనానికి మాత్ర లేదు. డిప్రెషన్‌కు ఉంది, అది వృద్ధుల్లోనూ నయమవుతుంది. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, తిండి తగ్గి బరువు పడిపోవడం, ‘ఇంకా ఎందుకు బతకాలి’ అన్న మాట వినిపించడం దాని లక్షణాలు. ఆ చివరి మాటను పెద్దవాళ్ల మామూలు విసుగని కొట్టిపారేయకండి. వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, సోడియం, విటమిన్ బి12 పరీక్షలు ఎలాగూ చేయించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గి నీరసం, దిగులు, మతిమరుపు రావచ్చు. స్టవ్ మీద పెట్టింది మరచిపోవడం, మాత్రలు రెండుసార్లు వేసుకోవడం వంటివి ఉంటే జ్ఞాపకశక్తినీ పరీక్షించాలి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనకండి, రాత్రిపూట పడిపోవడానికి అదొక దగ్గరి దారి.

ఇదంతా చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఒంటరితనంతో ముడిపడిన మరణాలు ఏటా సుమారు 8,71,000. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ముప్పును పెంచేవంటూ వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన 14 కారణాల్లో వినికిడి లోపం, చికిత్స చేయించని చూపు లోపం, నలుగురితో సంబంధాలు తెగిపోవడం మూడూ ఉన్నాయి.

కెమెరాల గురించి అడిగారు. పడిపోతే తెలియడానికైతే ఆమెను అడిగి, హాల్లో ఒకటి పెట్టించండి. అది మీ బెంగ తీరుస్తుంది, ఆవిడకు తోడు కాదు. తోడుగా మనిషిని పెట్టినా రోజంతా అన్నీ చేతికి అందించేవారు వద్దు. గుడిదాకా నడిచి వచ్చేవారు, కలిసి భోంచేసేవారు కావాలి. ఒక్కరికే వండుకోవడం ఎందుకని ఉదయం వార్చిన అన్నంలోనే రాత్రి పచ్చడీ మజ్జిగా కలుపుకుని కానిచ్చేవారు నాకు వారానికి ఒకరైనా కనిపిస్తారు. పప్పు, గుడ్డు తగ్గి కండ కరిగాక గుమ్మం మెట్లు దిగడమే ప్రయాసవుతుంది. అందుకే వారంలో కొన్ని పూటలైనా పక్కింట్లోనో బంధువులింట్లోనో కలిసి తినే ఏర్పాటు చూడండి.

ఫోన్‌లో ‘తిన్నావా, మాత్ర వేసుకున్నావా’ అని హాజరు తీసుకోవడం మానండి. ఆమెకు తెలిసినదేదైనా అడగండి. ఆవకాయలో ఆవపిండి పాళ్లు అడగండి, పాత ఫొటోలో మూడో మనిషి ఎవరో అడగండి. ఆమె చేయగల పని ఒకటి అప్పగిస్తే ఇంకా మంచిది. పారాయణ బృందంలో ఉన్న పాత స్నేహితురాలికి మీరే ఫోన్ చేసి, ‘ఈ వారం మా ఇంట్లో పెట్టుకోండి’ అనండి. అమ్మగారు వెళ్లలేకపోతే వాళ్లే వస్తారు. స్థానికంగా సాయం కావాలంటే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది.

బెంగళూరు విషయంలో బలవంతం వద్దు. మీరంతా ఆఫీసుకు వెళ్లాక, ఇరుగుపొరుగుతో భాష కూడా కలవని ఫ్లాట్‌లో ఆమె ఇప్పటికంటే ఒంటరి కావచ్చు. చెవుల పరీక్ష అయ్యాక పదిహేను రోజులకు రమ్మనండి, తిరుగు టికెట్ ముందే తీసి ఆమె చేతికివ్వండి.